కూర్చున్న ఏడాది

2023 మార్చి 17వ తేదీ రాత్రి ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఒక బాస్కెట్‌బాల్ ఆట జరిగింది. ఒక పక్క పర్డూ విశ్వవిద్యాలయం. దాని జట్టు నడుమ నిలబడ్డ జాక్ ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. రెండో పక్క న్యూజెర్సీకి చెందిన ఫెయిర్లీ డికిన్సన్ విశ్వవిద్యాలయం. దాని జట్టును నడిపిన డెమెట్రీ రాబర్ట్స్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు గెలిచిన ఆటలు 4, ఓడినవి 22. జాతీయ పోటీలో ప్రతి ప్రాంతంలోను 1 నుంచి 16 దాకా జట్లకు వరస కడతారు. పర్డూ ఒకటవది, ఫెయిర్లీ డికిన్సన్ పదహారవది. పురుషుల పోటీలో పదహారవ జట్టు ఒకటవ జట్టును గెలవడం అప్పటికి ఒక్కసారే, 2018లో, జరిగింది. ఆ రాత్రి అది రెండోసారి జరిగింది. 63-58.

దీన్ని పొట్టివాళ్ళు పొడుగువాళ్ళను కొట్టిన కథగా చెప్పుకోవడం సులభం. నా దృష్టి మాత్రం మరో విషయం మీద నిలిచింది. ఆ రాత్రి 19 పాయింట్లు చేసిన షాన్ మూర్, జట్టును నడిపిన రాబర్ట్స్, అతని పక్కన ఆడిన గ్రాంట్ సింగిల్టన్ - ఈ ముగ్గురూ ఏడాది క్రితం వరకు న్యూయార్క్ రాష్ట్రంలో స్పార్కిల్ అనే చిన్న ఊళ్ళోని సెయింట్ థామస్ అక్వినాస్ కాలేజీలో ఆడేవారు. అది రెండవ డివిజన్ కాలేజీ. అక్కడి కోచ్ టోబిన్ ఆండర్సన్‌ను 2022లో ఫెయిర్లీ డికిన్సన్ పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆయన వెంట ముగ్గురు శిష్యులూ వచ్చారు. వచ్చిన ఏడాదే ఆడారు.

ఈ చివరి మాట చూడడానికి చిన్నదే. కాని పదేళ్ళ ముందు ఇదే జరిగి ఉంటే కోచ్ వచ్చిన ఏడాదే పని మొదలుపెట్టేవాడు, అలా వెంట వచ్చిన ఆటగాడు సాధారణంగా ఏడాది పాటు కూర్చునేవాడు. సాధన చేయవచ్చు, తరగతులకు వెళ్ళవచ్చు, ఆట రోజున మామూలు బట్టలు వేసుకుని బెంచీ చివర చప్పట్లు కొట్టవచ్చు. ఆడడానికి మాత్రం వీల్లేదు. అమెరికా కాలేజీ ఆటల్లో దశాబ్దాల పాటు నడిచిన ఆ కూర్చున్న ఏడాది చరిత్రే ఈ టపా.

ముందుగా ఆ మెట్ల సంగతి చెప్పుకోవాలి. అమెరికాలో కాలేజీ ఆటలను ఏలే ప్రధాన సంస్థ ఎన్.సి.ఏ.ఏ. 1906లో పుట్టింది, 1910 నుంచి ఈ పేరుతో ఉంది. 1973లో అది తన సభ్యులను మూడు డివిజన్లుగా విడగొట్టింది. మొదటి డివిజన్‌లో ఇప్పుడు సుమారు 360 విద్యాసంస్థలున్నాయి. టీవీలో కనిపించే ఆటలు, ఇరవై వేల మంది పట్టే మందిరాలు, కోట్ల డాలర్ల జీతాలు తీసుకునే కోచ్‌లు - ఈ హంగంతా అందులోని పెద్ద విశ్వవిద్యాలయాలదే. రెండవ డివిజన్‌లో సుమారు 300 కాలేజీలు. అక్కడ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు మొత్తానికి ఇవ్వదగింది పది స్కాలర్‌షిప్‌ల విలువ మాత్రమే. దాన్ని ముక్కలు చేసి ఒకడికి సగం, ఒకడికి పావు పంచుతారు. మూడవ డివిజన్‌లో 400 పైచిలుకు కాలేజీలున్నాయి. అక్కడ ఆటకోసం ఒక్క డాలరు కూడా ఇవ్వరాదు. ఇవిగాక ఎన్.ఏ.ఐ.ఏ. అనే వేరే సంస్థ కింద చిన్న కాలేజీలున్నాయి. రెండేళ్ళ చదువు చెప్పే జూనియర్ కాలేజీలకు 1938 నుంచి తమ సొంత సంఘం ఉంది.

మనకు కాలేజీ మారడమంటే టి.సి. పుచ్చుకోవడం. ఆ కాగితం చేతికిస్తే కథ ముగిసినట్టే. అమెరికాలో మామూలు విద్యార్థికీ అంతే. సంగీతం చదివేవాడు కాలేజీ మారితే, ఏడాది పాటు వేదిక ఎక్కవద్దని ఎవరూ అనరు. ఆటగాడికి మాత్రమే ఆ ఆంక్ష ఎందుకు వచ్చింది?

ఆ నియమం దుర్మార్గంలోంచి పుట్టలేదు. దుర్మార్గాన్ని అరికట్టడానికే పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశదిమ్మరి ఆటగాళ్ళు ఉండేవారు. ఈ వారం ఒక కాలేజీ తరఫున, పై వారం మరో కాలేజీ తరఫున దిగేవారు. వీరిలో అందరికీ తెలిసినవాడు ఫీల్డింగ్ యోస్ట్. 1896లో ఆయన వెస్ట్ వర్జీనియాలో న్యాయశాస్త్ర విద్యార్థి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం జట్టు అప్పటికి వరసగా 36 ఆటలు గెలిచి ఉంది. దానితో లఫయెట్ కాలేజీ తలపడే సమయానికి యోస్ట్ ఉన్నట్టుండి లఫయెట్ విద్యార్థి అయిపోయాడు. లఫయెట్ 6-4 తేడాతో గెలిచింది. ఆ తరువాత ఆయన చదువు మళ్ళీ వెస్ట్ వర్జీనియాలోనే సాగింది. ఈ యోస్టే తరువాతి కాలంలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి ప్రఖ్యాత కోచ్ అయ్యాడు. మిషిగన్ పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇటువంటివారిని ఆపడానికే నివాస నియమాలు వచ్చాయి. కొత్తగా వచ్చినవాడు ముందు ఏడాది పాటు విద్యార్థిగా ఉండాలి, ఆ తరువాతే ఆటగాడు కావాలి. చాలాకాలం మొదటి ఏడాది విద్యార్థులెవరూ పెద్ద విశ్వవిద్యాలయాల ప్రధాన జట్లలో ఆడరాదన్న నియమం కూడా ఉండేది. బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆటల్లో దాన్ని 1972లో ఎత్తివేశారు. బదిలీ అయినవాడి మీద ఉన్న ఆంక్ష మాత్రం అలాగే నిలిచింది. దొంగ కోసం వేసిన గొళ్ళెం దొంగ పోయాక కూడా ఉండిపోయింది.

ఆ గొళ్ళెం సంగతి అలా ఉంచి, తలుపే లేనివారి సంగతి చెప్పుకోకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. చిన్న కాలేజీ అంటే తక్కువ ఆట అని అర్థం చేసుకోరాదు. ఎన్నో ఏళ్ళు చిన్న కాలేజీల్లో గొప్ప ఆటగాళ్ళుండడానికి కారణం వారి చర్మం రంగు. బాస్కెట్‌బాల్‌ను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వద్ద కాన్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి విద్యార్థి శిష్యరికం చేశాడు. 1936లో పట్టా పుచ్చుకున్నాడు. కాని ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడే అర్హత అతనికి లేకపోయింది. ఆట పుట్టించినవాడి దగ్గర పాఠం నేర్చినవాడికి ఆటస్థలంలో చోటు లేదన్నమాట!

చిన్న కాలేజీల జాతీయ పోటీ కూడా మొదట్లో నల్లవారిని రానీయలేదు. 1947లో ఇండియానా స్టేట్ టీచర్స్ కాలేజీకి ఆ పోటీకి పిలుపు వచ్చింది. ఆ కాలేజీ కోచ్ జాన్ వుడెన్ ఆ పిలుపును తిరస్కరించాడు. తన జట్టులోని క్లారెన్స్ వాకర్ నల్లవాడు కాబట్టి అతన్ని ఇంటి దగ్గర వదిలి వెళ్ళవలసి వస్తుంది. మరుసటి ఏడాది నియమం మారింది. 1948లో వాకర్ ఆ పోటీలో ఆడాడు. మెక్లెండన్ కోచ్‌గా టెనెసీ ఏ అండ్ ఐ అనే నల్లజాతి కాలేజీ 1957, 1958, 1959 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు ఆ పోటీని గెలిచింది. గ్రాంబ్లింగ్‌లో ఆడిన విల్లిస్ రీడ్, విన్‌స్టన్-సేలంలో ఆడిన ఎర్ల్ మన్రో తరువాత ఎన్.బి.ఏ.లో మహారథులయ్యారు. వీరు చిన్న కాలేజీ నుంచి పెద్ద కాలేజీకి ఎందుకు మారలేదని ఎవరూ అడగనక్కరలేదు. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాల కూటమి ఎస్.ఇ.సి.లో మొదటి నల్లజాతి బాస్కెట్‌బాల్ ఆటగాడైన పెర్రీ వాలెస్ వాండర్‌బిల్ట్ జట్టు తరఫున ఆడింది 1967-68లో. మన్రో తన చిన్న కాలేజీకి జాతీయ విజయం తెచ్చిపెట్టింది ఆ ముందు వసంతంలోనే, 1967లో. ఒక తరం ముగిశాక తలుపు తెరుచుకుంది.

తలుపు తెరుచుకున్నాక పైకి పోవడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి జూనియర్ కాలేజీ దారి. అక్కడ రెండేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నవాడు పెద్ద కాలేజీకి వస్తే సాధారణంగా కూర్చోనక్కరలేదు. నాలుగేళ్ళ చదువులో మొదటి సగం అక్కడ, రెండో సగం ఇక్కడ అని లెక్క.

ఈ దారిన వచ్చినవారి పేర్లు చిన్నవి కావు. స్పెన్సర్ హేవుడ్ కొలరాడోలోని ట్రినిడాడ్ స్టేట్ జూనియర్ కాలేజీ నుంచి 1968 ఒలింపిక్ స్వర్ణానికి, అక్కణ్ణుంచి డెట్రాయిట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. హైస్కూలు ముగిసి నాలుగేళ్ళు గడిచేదాకా ఎవరినీ చేర్చుకోరాదన్న ఎన్.బి.ఏ. నియమం అతని విషయంలోనే 1971లో సుప్రీంకోర్టు దాకా పోయి వీగిపోయింది. ఒక యువకుడి కాలాన్ని ఎవరు శాసించాలన్న ప్రశ్న న్యాయస్థానానికి చేరడం అప్పుడే మొదలైంది. బాబ్ మకడూ ఇండియానాలోని విన్సెన్స్ జూనియర్ కాలేజీతో 1970లో జాతీయ పోటీ గెలిచి, నార్త్ కరోలినాలో డీన్ స్మిత్ దగ్గర 1971-72లో ఒక్క ఏడాది ఆడి ఆ జట్టును జాతీయ పోటీలో చివరి నాలుగింటిలో నిలిపాడు. 1975లో ఎన్.బి.ఏ.లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. లారీ జాన్సన్ టెక్సస్‌లోని ఒడెస్సా కాలేజీలో రెండేళ్ళు ఆడి, నెవాడా-లాస్ వేగస్‌కు వెళ్ళి, 1990లో జాతీయ విజేత జట్టులో నిలిచి, 1991లో ఎన్.బి.ఏ. ఎంపికలో మొట్టమొదటి పేరు అయ్యాడు.

రెండో దారి నాలుగేళ్ళ చిన్న కాలేజీ నుంచి నాలుగేళ్ళ పెద్ద కాలేజీకి పోయేది. అక్కడే ఆ బెంచీ వేసి ఉంది.

ఇక్కడొక అన్యాయం సంగతి చెప్పాలి. మొదట్లో ఆటగాడికిచ్చే స్కాలర్‌షిప్‌ను నాలుగేళ్ళకు ఇవ్వవచ్చు. 1973లో ఎన్.సి.ఏ.ఏ. దాన్ని ఏడాదికేడాది తిరిగి రాసుకునే ఒప్పందంగా మార్చింది. అంటే ఆటగాడు నచ్చకపోతే ఏడాది చివర కాలేజీ అతన్ని వదులుకోవచ్చు. కాలేజీ నచ్చకపోతే ఆటగాడు మాత్రం ఏడాది కూర్చోవాలి. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, దిగాక బోడిమల్లయ్య. బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్‌లు మళ్ళీ అనుమతి పొందినది 2012లో. మిగతా చాలా ఆటల్లో ఒక్కసారి కూర్చోకుండా మారే వెసులుబాటు ఉండేది. డబ్బు బాగా తెచ్చే ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు మాత్రం లేదు. చదువు చెడిపోతుందన్న భయమే కారణమైతే, ఈతగాడి చదువు కన్నా బాస్కెట్‌బాల్ ఆటగాడి చదువు ఎందులో సున్నితమో నాకు బోధపడలేదు.

ఇక కోచ్‌ల సంగతి. మిషిగన్ గుర్తుందా? ఆ విశ్వవిద్యాలయానికి 2007 నుంచి 2019 దాకా కోచ్‌గా ఉన్న జాన్ బైలైన్ 1978లో ఈరీ కమ్యూనిటీ కాలేజీలో మొదలుపెట్టాడు. తరువాత నాజరెత్, లె మోయిన్, కనీషియస్, రిచ్‌మండ్, వెస్ట్ వర్జీనియా, చివరకు మిషిగన్. జూనియర్ కాలేజీ నుంచి శిఖరం దాకా ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. స్వయంకృషితో పైకి వచ్చిన మనిషి, గౌరవించదగినవాడు. ఒక్క మెట్టు దగ్గర కూడా ఆయనను ఏడాది కూర్చోమని ఎవరూ అనలేదు.

అటువంటి బైలైన్ దగ్గరకు 2014లో డంకన్ రాబిన్సన్ వచ్చాడు. మాసచూసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీలో ఒక ఏడాది చదివాడు. అది చదువుకు పేరుపడ్డ మూడవ డివిజన్ కాలేజీ. ఆ ఏడాది విలియమ్స్ జట్టు మూడవ డివిజన్ జాతీయ పోటీలో తుది ఆట దాకా వెళ్ళి విస్కాన్సిన్-వైట్‌వాటర్ చేతిలో 75-73తో ఓడింది. ఆ తరువాత అక్కడి కోచ్ మొదటి డివిజన్‌లోని మారిస్ట్‌కు వెళ్ళిపోయాడు, ఆ వెంటనే పనిలో దిగాడు. రాబిన్సన్ మిషిగన్‌కు వెళ్ళాడు, 2014-15 అంతా కూర్చున్నాడు. ఆపైన మూడేళ్ళు ఆడాడు. 2018లో మిషిగన్ జాతీయ తుది ఆటకు చేరినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. ఎన్.బి.ఏ. ఎంపికలో అతని పేరు ఎవరూ పిలవలేదు. మయామీ జట్టులో చేరి 2020లో ఫైనల్స్ ఆడాడు. 2021లో ఐదేళ్ళకు 9 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు.

డెరిక్ వైట్ కథ ఇంకా విచిత్రం. కొలరాడో విశ్వవిద్యాలయానికి అనేక ప్రాంగణాలున్నాయి. బౌల్డర్‌లోనిది ప్రధానం, మొదటి డివిజన్. కొలరాడో స్ప్రింగ్స్‌లోనిది చిన్నది, రెండవ డివిజన్. రెండింటి మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు. ఆ రాష్ట్రంలోనే పెరిగిన వైట్ 2012లో హైస్కూలు దాటేటప్పుడు బక్కపలచని పిల్లవాడు, పెద్ద కాలేజీల కంట పడలేదు. చిన్న ప్రాంగణంలో చేరాడు. అక్కడ ఎత్తు పెరిగాడు, ఆట పెరిగింది, మూడేళ్ళలో ఆ కాలేజీ చరిత్రలోనే అత్యధిక పాయింట్లు చేసినవాడయ్యాడు. 2015లో బౌల్డర్‌కు మారాడు. ఒకే విశ్వవిద్యాలయపు గొడుగు కింద ఒక ప్రాంగణం నుంచి మరో ప్రాంగణానికి మారినందుకు ఏడాది కూర్చున్నాడు. ఆడిన ఒక్క సంవత్సరం, 2016-17లో, సగటున 18.1 పాయింట్లు చేశాడు. 2017లో శాన్ ఆంటోనియో జట్టు అతన్ని 29వ పేరుగా ఎంపిక చేసింది. 2024లో బోస్టన్‌తో ఎన్.బి.ఏ. విజేత, అదే ఏడాది పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణ విజేత. పెరటి చెట్టు మందుకు పనికిరాదనే సామెత మనకే సొంతం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మూడో పేరు మాక్స్ స్ట్రస్. ఇలినాయిలోని లూయిస్ విశ్వవిద్యాలయంలో, అంటే రెండవ డివిజన్‌లో, రెండేళ్ళు ఆడి షికాగో డిపాల్‌కు వచ్చాడు. 2016-17లో కూర్చున్నాడు. 2018-19లో సగటున 20 పాయింట్లు చేశాడు. 2023లో మయామీ మళ్ళీ ఫైనల్స్ ఆడినప్పుడు స్ట్రస్, రాబిన్సన్ ఒకే జట్టులో ఉన్నారు. రెండవ డివిజన్ వాడొకడు, మూడవ డివిజన్ వాడొకడు. ఇద్దరూ బెంచీ మీద ఏడాది గడిపినవారే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఏడాది వారికి మేలు చేసి ఉండవచ్చు. చిన్న కాలేజీలో అలవాటైన వేగం వేరు, పెద్ద కాలేజీ వేగం వేరు. ఏడాది పాటు బలమైనవారితో రోజూ సాధన చేస్తే ఒళ్ళు గట్టిపడుతుంది, కన్ను కుదురుతుంది. నారు తీసిన మొక్క కొత్త మడిలో వేళ్ళూనడానికి కొన్నాళ్ళు పట్టదా! నియమాన్ని సమర్థించినవారి వాదన ఇదే, అది పూర్తిగా తప్పు కాదు. కాని మనకు కనిపిస్తున్నవి పచ్చబడిన మొక్కలు మాత్రమే. ఆటగాడికి ఆడే కాలం నాలుగేళ్ళు, దాన్ని ఐదేళ్ళలోపు వాడుకోవాలి. ఐదింటిలో ఒకటి కూర్చోవడానికి పోతే దెబ్బ తగిలినప్పుడు వాడుకోవడానికి మిగిలేది లేదు. ఆ లెక్క చూసుకుని అసలు కదలకుండా ఉండిపోయినవారెందరో ఏ పట్టికలోనూ దొరకరు. మేలు జరిగినవాడి పేరు చరిత్రకెక్కుతుంది. భయపడి ఆగినవాడికి చరిత్ర ఉండదు. పైగా వేళ్ళూనడానికి సమయం కావాలో వద్దో తేల్చుకోవలసింది ఆటగాడు, అతని కోచ్. దేశానికంతటికీ ఒకే కొలత పెట్టవలసిన అగత్యం ఏముంది?

గొళ్ళెం ఊడడం 2018లో మొదలైంది. అంతవరకు మారదలచినవాడు ముందు తన కాలేజీ అనుమతి పొందాలి. అనుమతి లేనిదే మరో కాలేజీ అతనితో మాట్లాడరాదు. 2018 అక్టోబరు 15న బదిలీ పోర్టల్ వచ్చింది. ఇక అనుమతి అక్కరలేదు, తెలియజేస్తే చాలు. రెండు పనిదినాల్లో కాలేజీ ఆ పేరు జాబితాలోకి ఎక్కించి తీరాలి. 2021 ఏప్రిల్‌లో అన్ని ఆటలవారికీ ఒకసారి కూర్చోకుండా మారే వీలు కల్పించారు. అదే సంవత్సరం జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరును, రూపాన్ని వాణిజ్య ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకునే వీలు వచ్చింది. రెండోసారి మారేవారిని ఆపే నియమం మీద ఏడు రాష్ట్రాలు దావా వేశాయి. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు ఆ నియమాన్ని నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో ఎన్.సి.ఏ.ఏ. తానే ఒప్పుకుంది. చదువు సరిగా సాగుతున్నంతకాలం ఎన్నిసార్లైనా మారవచ్చు, మారిన ఏడాదే ఆడవచ్చు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన రాజీ ప్రకారం కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకు డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

నూట పాతికేళ్ళ పైచిలుకు నాటి భయంతో కట్టిన గోడ ఆరేళ్ళలో కూలింది.

గోడ కూలాక ఏం జరిగింది? స్పార్కిల్ నుంచి వచ్చిన ముగ్గురి సంగతి మొదటే చూశాం. 2024లో మరో వింత జరిగింది. మిసోరీ రాష్ట్రంలో మేరీవిల్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నార్త్‌వెస్ట్ మిసోరీ స్టేట్ జట్టు బెన్ మకాలమ్ శిక్షణలో 2017, 2019, 2021, 2022 సంవత్సరాల్లో రెండవ డివిజన్ విజేత. 2018-19లో 38 ఆటలాడి 38 గెలిచింది. అంతటి కోచ్‌ను మొదటి డివిజన్‌లోని డ్రేక్ విశ్వవిద్యాలయం పిలవడానికి 2024 దాకా పట్టింది. ఆయన వెంట నలుగురు ఆటగాళ్ళు వచ్చారు. రెండవ డివిజన్‌నుంచి వచ్చిన నలుగురితో మొదటి డివిజన్‌లో ఏం గెలుస్తారన్న సందేహానికి జవాబు 31 గెలుపులు, 4 ఓటములు. వారిలో బెనెట్ స్టర్ట్జ్ దాదాపు ప్రతి ఆటలోను ఆట మొత్తం మైదానంలోనే ఉండి, తమ కూటమిలో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడయ్యాడు. జాతీయ పోటీలో పదకొండవ వరసలోని డ్రేక్, ఆరవ వరసలోని మిసోరీ విశ్వవిద్యాలయాన్ని 67-57తో ఓడించింది. అది మేరీవిల్ ఉన్న రాష్ట్రపు ప్రధాన విశ్వవిద్యాలయమే.

మొదటి డివిజన్, రెండవ డివిజన్ అన్న గీత ప్రతిభను కొలిచిన గీత కాదని, కాలేజీల ఖజానాలను కొలిచిన గీత అని ఆ నలుగురూ రుజువు చేశారనిపిస్తుంది నాకు.

కాని కథ ఇక్కడితో శుభమని ముగియదు. 2025లో మకాలమ్ అయోవాకు వెళ్ళాడు, స్టర్ట్జ్ కూడా ఆయన వెంట వెళ్ళాడు. మూడేళ్ళలో మూడు విశ్వవిద్యాలయాలు. డ్రేక్ ఒక్క ఏడాది మురిసి, మళ్ళీ మొదటికి వచ్చింది. మేరీవిల్ అంతకుముందే కోచ్‌ను, నలుగురు ఆటగాళ్ళను ఒకేసారి పోగొట్టుకుంది. పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి ఎవరూ పట్టించుకోనప్పుడు చిన్న కాలేజీ పట్టించుకుంటుంది. సగం స్కాలర్‌షిప్ ఇచ్చి, రెండేళ్ళు నీరు పోస్తుంది. మూడో ఏడు పంట చేతికి వచ్చే వేళకు పెద్ద కాలేజీ వచ్చి మొలకలు పీక్కుని పోతుంది. పెంచినందుకు ఆ చిన్న కాలేజీకి దక్కే రుసుమేమీ లేదు. ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల్లో అయితే చిన్న క్లబ్బుకు బదిలీ సొమ్మయినా అందుతుంది. ఇక్కడ దక్కేది గోడ మీద ఒక ఫోటో.

ఇంకొక నష్టం కంటికి ఆనదు. పెద్ద కాలేజీ దగ్గర ఉన్నవి కొన్ని చోట్లే. 22 ఏళ్ళ వయసులో తయారై వచ్చిన ఆటగాడు దొరుకుతుంటే, 18 ఏళ్ళ పచ్చి కుర్రాడి మీద పందెం కాయడానికి ఏ కోచ్ సాహసిస్తాడు? పైనుంచి తోసినది కింద పడుతుంది. మొదటి డివిజన్‌లో చేరవలసిన హైస్కూలు పిల్లలు రెండవ డివిజన్‌కు, అక్కడ చేరవలసినవారు మూడవదానికి దిగుతారు. ఒకప్పుడు వైట్‌ది అపవాదమైన కథ. రాను రాను అదే రాజబాట అయ్యే సూచనలున్నాయి.

చదువు సంగతి కూడా మరువరాదు. పాత నియమాన్ని చదువు పేరు చెప్పి నిలబెట్టారు. ఆ పేరు సాకే కావచ్చు, చదువు మాత్రం సాకు కాదు. ఆటగాళ్ళనే కాదు, కాలేజీ మారే విద్యార్థులందరినీ లెక్కలోకి తీసుకుని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఒక అంచనా ఇచ్చింది. 2004-2009 మధ్య బదిలీ అయిన విద్యార్థులు అంతవరకు సంపాదించుకున్న క్రెడిట్లలో సగటున 43 శాతం కోల్పోయారని దాని సారం. నాలుగేళ్ళలో నాలుగు కాలేజీలు తిరిగినవాడి చేతిలో చివరకు ఏ పట్టా మిగులుతుందన్నది అడగవలసిన ప్రశ్న. డాల్టన్ కనెక్ట్ జూనియర్ కాలేజీ నుంచి నార్తర్న్ కొలరాడోకు, అక్కణ్ణుంచి టెనెసీకి వెళ్ళి, 2024లో ఎస్.ఇ.సి.లో ఉత్తమ ఆటగాడై, ఎన్.బి.ఏ. ఎంపికలో 17వ పేరుగా లేకర్స్‌కు చేరాడు. అతనికి ప్రశ్నలేదు. అతని దారే నమ్ముకుని ఎన్.బి.ఏ. చేరని వందలమందికే ఉంది ఆ ప్రశ్న.

మరి పాత నియమమే మంచిదా? నా మటుకు నేను కాదనే అంటాను. చిన్న కాలేజీకి జరుగుతున్న నష్టం నిజం. దాన్ని తీర్చడానికి దారులు వెతకాలి. పెంచినందుకు పెద్ద కాలేజీ చేత ఎంతో కొంత ఇప్పించడం ఒక దారి. క్రెడిట్లు పోకుండా చూడడం మరొకటి. కాని ఆ నష్టాన్ని ఇరవై ఏళ్ళ కుర్రాడి జీవితంలోంచి ఒక ఏడాది కోసి పూడ్చడం మాత్రం న్యాయం కాదు. కోచ్ పోవచ్చు, అధ్యక్షుడు పోవచ్చు, కాలేజీయే ఒక కూటమి వదిలి మరో కూటమిలోకి పోవచ్చు. ఆటగాడు ఒక్కడే విశ్వాసానికి కట్టుబడి ఉండాలనడంలో విశ్వాసం లేదు, బలవంతం ఉంది.

బెంచీ చివర మామూలు బట్టల్లో కూర్చున్న డెరిక్ వైట్‌ను ఊహించుకుంటాను. 2015-16 శీతకాలం. ఎదురుగా తన విశ్వవిద్యాలయపు జట్టే ఆడుతోంది. అతను ఏ తప్పూ చేయలేదు. 1896లో ఎవరో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి ఊరు మారి ఆడి వచ్చాడు. అటువంటివారి శిక్షను నూట ఇరవై ఏళ్ళ తరువాత ఈ కుర్రవాడు అనుభవిస్తున్నాడు. పక్కవాడు బుట్టలో బంతి వేస్తే లేచి చప్పట్లు కొడతాడు, మళ్ళీ కూర్చుంటాడు.

స్పార్కిల్ నుంచి వచ్చిన ముగ్గురూ కొలంబస్‌లో ఆ రాత్రి కూర్చోలేదు. షాన్ మూర్‌ది కొలంబసే. సొంత ఊళ్ళో, సొంతవారి ఎదుట ఆడి గెలిచాడు. పాత నియమం ఉంటే ఆ సాయంత్రం అతను కూడా అక్కడే ఉండేవాడు, బెంచీ చివర, మామూలు బట్టల్లో.